బఠాణీ గింజంత మందు

ప్రియమైన నాన్నకి,

కొండ మీద కడుతున్న ఆసుపత్రికి రంగులు వేస్తూ నువ్వు ఫోను అందని చోట కూర్చున్నావు కాబట్టి ఉత్తరమే గతి. నేను కులాసానే, నా మొహమే కులాసాగా లేదు. చెంపల నిండా మొటిమలు. ఒకటి పోతూ పోతూ ఇద్దరు చుట్టాలని పిలుచుకొస్తోంది. క్లాసులో మాస్కు తియ్యను. హాస్టల్లో అన్నం తినేటప్పుడు గోడవైపు తిరిగి కూర్చుంటాను.

చిక్కల్లా ఇక్కడే. సైగల భాష అంటే చేతులే అనుకుని ఈ చదువులో చేరాను. కాదట. ప్రశ్న అడగాలంటే కనుబొమలు లేవాలి, పెద్దదని చెప్పాలంటే బుగ్గలు పూరించాలి. మా టీచరమ్మకి వినబడదు. నా మాస్కు చూసి, "నోట్లో గుడ్డలు కుక్కుకుని మాట్లాడుతున్నావు" అని సైగ చేసింది. ఆఖరి పరీక్ష పెద్ద హాల్లో, వినబడని కుటుంబాల ముందు, వేదిక మీద. మాస్కుతో ఎక్కనివ్వరు. ఎక్కకపోతే దుభాషి పట్టా రాదు. నాన్నా, నాకు ఈ పని తప్ప ఇంకేదీ వద్దు.

చర్మం డాక్టరమ్మ విటమిన్ ఎ పూతమందు ఇచ్చింది. మొహమంతటికీ కలిపి బఠాణీ గింజంత, అదీ రోజు విడిచి రోజు, పడుకోబోయే ముందు రాయాలట. ఇంత మొహానికి అంతేనా? నువ్వేమంటావు?

నీ పిచ్చుక

---

నా బంగారు పిచ్చుకకి,

నాన్న దీవెనలు. బఠాణీ గింజంత రంగుతో స్విచ్చు బోర్డు చుట్టూ కూడా తడవదు. మీ డాక్టరమ్మ చెయ్యి బాగా బిగువులా ఉంది.

ఇన్నేళ్ల పనిలో నేను నేర్చుకున్నది చెబుతాను, విను. పై రంగుదేం లేదు, అంతా అడుగు తయారీలోనే ఉంది. ముందు బాగా గోకాలి. గరుకు కాగితం పట్టాలి. దుమ్ము కడిగి, ఆ తర్వాత నిండుగా రెండు పూతలు వెయ్యాలి. ఒక్క పూతతో సరిపెట్టేవాణ్ణి మా మేస్త్రీ గడప తొక్కనివ్వడు. నువ్వూ మొహం గట్టిగా రుద్ది, మందు దండిగా పట్టించు. పరీక్ష నాటికి అద్దంలా మెరుస్తావు.

ఉంటాను మరి. నిచ్చెన పిలుస్తోంది.

మీ నాన్న

---

ప్రియమైన నాన్నకి,

ఆ 'ప్రియమైన' ఈసారి అలవాటు కొద్దీ రాశాను.

పీచుతో రుద్దాను. రెండు పూతలు పట్టించాను, అదీ రోజూ. వారం తిరక్కుండానే మొహం మండిపోయి పెచ్చులుగా లేచింది. డాక్టరమ్మ చూసి, "ఎవరమ్మా నీకీ సలహా ఇచ్చింది?" అంది. మా నాన్న అన్నాను. "ఆయనేం చేస్తుంటారు?" గోడలకి రంగులేస్తారన్నాను. ఆవిడ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది.

తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. "గోడ తనంతట తాను ఏమీ చెయ్యదు. చర్మం బతికున్నది, లోపలినుంచి తనే కొత్తగా తయారవుతుంది. ఈ మందు ఆ పనిని కాస్త తొందరపెడుతుంది. ఎక్కువ రాస్తే మేలు పెరగదు, మంట పెరుగుతుంది." పెచ్చులు తగ్గేదాకా మందు ఆపమంది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ముందు తేమ క్రీము, పైన బఠాణీ గింజంత మందు, పగలు ఎండ తగలకుండా వేరే క్రీము రాసుకోమంది. మొదట్లో లోపలున్నవి పైకొచ్చి ఇంకా ఎక్కువైనట్టు కనబడుతుందట. తేడా తెలియడానికి నెలలు పడుతుందట. పరీక్ష లోపల తగ్గుతుందని మాత్రం మాటివ్వలేనంది.

నీమీద చాలా కోపంగా ఉంది నాన్నా. పరీక్ష మానేద్దామనిపిస్తోంది.

పిచ్చుక

---

అమ్మా పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి నిచ్చెన మీదే కూలబడిపోయాను. నా పని నాకొచ్చు కదాని నీ మొహంలో కూడా వేలు పెట్టాను. ఇకమీదట ఆ డాక్టరమ్మ మాటే మాట.

ఇంకొక సంగతి. ఇది మీ అమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. నా చెంపల మీద గుంటలు చూశావుగా, అవన్నీ నీ వయసులో మొటిమలు పెట్టిపోయినవే. అప్పట్లో బట్టల కొట్లో ఉద్యోగం ఇస్తామన్నారు. వచ్చినవాళ్లందరికీ ఎదురుగా నిలబడి చీరలు చూపించాలి. నేను వెళ్లలేదు. రంగుల పనిలో చేరాను. పొద్దస్తమానం గోడకి మొహం, జనానికి వీపు. పని మీద ప్రేమ తర్వాత పుట్టింది, అది వేరే సంగతి. చేరింది మాత్రం దాక్కోవడానికే.

అన్నం దగ్గర గోడవైపు తిరుగుతున్నానని నువ్వు రాసిన ముక్క మళ్లీ మళ్లీ చదివాను. తగ్గినా, తగ్గకపోయినా వేదిక ఎక్కు తల్లీ. నాకు ఇంకేమీ వద్దు.

మీ నాన్న

---

నాన్నా, నా బంగారు నాన్నా,

ఆలస్యానికి తిట్టుకోకు. అన్నీ చేతికొచ్చాక రాద్దామని ఆగాను.

డాక్టరమ్మ చెప్పినట్టే చేశాను. ముందు నుదురు తేరుకుంది. చెంపలు మాత్రం మొండికేశాయి. అంతలో, తర్వాతైతే హాలు దొరకదని పరీక్ష ముందుకి జరిపారు. చెంపలు ఎర్రగా ఉండగానే నన్ను పిలిచారు. నీ ఉత్తరం ఇంకోసారి చదువుకుని, మాస్కు తీసి టీచరమ్మ చేతిలో పెట్టాను.

దీపాలన్నీ నామీదే. మాట్లాడే ఆయన అగ్నిమాపక అధికారి, ఆయన మాటల్ని నేను సైగల్లో చెప్పాలి. "పొగ కమ్ముకొస్తుంటే తలుపు తెరుస్తారా?" అన్నాడు. కనుబొమలు ఎగరేశాను. ఇల్లు నిండేంత పొగ అన్నాడు. మొటిమలు చురుక్కుమంటున్నా బుగ్గలు పూరించాను. హాలంతా నా మొహాన్నే చూస్తోంది నాన్నా, కానీ అందులో మొటిమల్ని ఎవరూ చూడ్డం లేదు, పొగని చూస్తున్నారు. ముందు వరుసలో ఒకావిడ గబుక్కున పక్కనున్న కూతుర్ని దగ్గరికి లాక్కుంది. నా భయం అక్కడితో సరి. తర్వాత ఆయనో జోకు వేస్తే, వినబడేవాళ్లు మర్యాదకి నవ్వారు, నన్ను చూస్తున్నవాళ్లు పడీ పడీ నవ్వారు.

పాసయ్యాను. అందరికన్నా ముందు నన్నే పిలిచి పట్టా ఇచ్చారు. కోర్టులో దుభాషిగా ఉద్యోగం కూడా వచ్చింది. ఆ తర్వాత తీరిగ్గా చెంపలు కూడా దారికొచ్చాయి. మచ్చలు కొన్ని ఉన్నాయి, ఉండనీ. మందు ఇంకా రాస్తూనే ఉన్నాను.

ఆ రోజు వేదిక దిగుతుంటే చివరి వరుసలోంచి ఒక ముసలాయన కర్ర పోటేసుకుంటూ వచ్చాడు. పుట్టినప్పటినుంచీ వినబడదట. కర్ర నా చేతికిచ్చి, రెండు చేతులతో నెమ్మదిగా సైగ చేశాడు: "అదిగో, ఆ చివర కూర్చున్నాను. అక్కడికి కూడా నీ మొహం బాగా వినబడింది."

తలెత్తుకు తిరుగుతున్న
నీ పిచ్చుక