అన్నయ్య పాదం మీద ఎర్ర చుక్క

జూన్ 4
ఇవాళ పరీక్షలు ఐదు. నా పని పేషెంట్ చర్మం మీదికి లేజర్ వెయ్యడం. ఆ వెలుగు లోపల కదిలే రక్తకణాలకు తగిలి, కొద్దిగా మారి తిరిగొస్తుంది. మార్పును బట్టి రక్తం ఎంత జోరుగా పారుతోందో మెషీన్ చెబుతుంది. సూది లేదు, కోత లేదు, తాకే పని కూడా లేదు.

సాయంత్రం వదిన ఫోన్. షుగర్ ముదిరి అన్నయ్య బొటనవేలు నల్లబడిందట. మా సర్జన్ దగ్గరికే తెస్తున్నారట.

జూన్ 6
అన్నయ్య చేరాడు. వదినకే కంగారు, ఆయన నిమ్మకు నీరెత్తినట్టు పడుకున్నాడు. ఏరా మొద్దూ, స్విచ్ ఎటు నొక్కాలో గోడ మీద రాసి పెట్టుకున్నావా అన్నాడు. నర్సులు నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ పాదం నాకు తెలుసు. తొమ్మిదో తరగతిలో, పనికి పోను చదువుకుంటానన్నందుకు నా పుస్తకాలను దానితోనే పొయ్యిలోకి తన్నాడు. ఆ తరవాత నన్ను గుమ్మం బయటికి. మెషీన్ మాన్యువల్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని నాకు నేనే చదువుకున్నాను.

రీడింగ్ చూశాక నిర్ణయం అన్నారు సర్జన్. పాదంలో రక్తం పారుతుంటే వేలు ఒక్కటే తీస్తారు. లేకపోతే మోకాలి కిందికి మొత్తం.

వదిన వరండా దాకా నా వెంట వచ్చింది. మీ అన్నయ్యకి నోరే గానీ మనసులో ఏమీ ఉండదు బాబూ, కాస్త జాగ్రత్తగా చూడు అంది. చూడ్డమే నా పని వదినా అన్నాను.

జూన్ 7, ఉదయం 10
చలి తగిలితే చర్మంలో రక్తనాళాలు ముడుచుకుంటాయి. రీడింగ్ పడిపోతుంది. అందుకే గది ఇరవై నాలుగు డిగ్రీలుండాలి, కాళ్లకు దుప్పటి కప్పి కాసేపు పడుకోబెట్టాలి. మాన్యువల్లో మొదటి పేజీ.

ఏసీ పదహారులో పెట్టాను. దుప్పటి ఇవ్వలేదు.

చలేస్తోందిరా అన్నాడు. మెషీన్‌కి చల్లగా ఉండాలన్నాను. సరేలే, నీకు తెలియందా అన్నాడు. జీవితంలో మొదటిసారి.

ఎర్ర చుక్క పాదం మీద కదలకుండా నిలబడింది. చాలా తక్కువ వచ్చింది. రాసి సంతకం పెట్టాను. ఏసీ మళ్లీ ఇరవై నాలుగుకి పెంచాను.

జూన్ 9
మోకాలి కింద తీసేశారు.

జూన్ 15
అన్నయ్య నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. నువ్వు సరిగ్గా చూడబట్టి ప్రాణం దక్కిందిరా, నిన్ను మొద్దన్న నోట్లో పురుగులు పడ అన్నాడు. లేని వేళ్లు చలికి జివ్వుమంటున్నాయట. దుప్పటి కప్పమన్నాడు.

కప్పాను.

ఆగస్టు 2
అన్నయ్య రెండో కాలికీ నల్ల మచ్చ వచ్చింది. పరీక్ష మా తమ్ముడే చెయ్యాలని పట్టుబట్టాడట. రేపు ఉదయం.

ఏసీ రిమోట్‌లో కొత్త బ్యాటరీలు వేశాను.