జైలు నుంచి ఫోనొస్తే

అత్తయ్యా,

నాకు సెలవు దొరకలేదు, ఫ్యాక్టరీకి వెళ్తున్నాను. మధ్యాహ్నం జైలు నుంచి మీ అబ్బాయి వీడియో కాల్ చేస్తారు. పచ్చ గుర్తు నొక్కితే చాలు.

పోయినవారం మాట్లాడినంతసేపూ ఆయన ఒకవైపుకే తిరిగి కూర్చున్నారు. "ఆ చెంప ఇటు చూపించండి" అంటే, "బాత్రూంలో జారిపడ్డానులే" అన్నారు. వెనకాలే కాపలావాడు నిలబడి వింటున్నాడు. అందుకని మీరేమీ అడగొద్దు. పాపని ఎత్తుకుని కూర్చోండి. దాన్ని చూస్తే ఆయన దాచుకోవడం మర్చిపోయి తెర దగ్గరికి వస్తారు. అప్పుడు బాగా చూడండి. ఏం కనపడిందో రేపు లాయరుగారికి చెబుదాం.

ఎలా కనపడినా ఏడవకండి. నేను ఏడ్చేసరికి ఆయన ఫోన్ పెట్టేశారు.

ముందే భోంచేసెయ్యండి అత్తయ్యా. ఆ మొహం చూశాక మీకు ముద్ద దిగదు.