మిగిలిన రెండు నాళాలు

అక్కకి,

పడుకుని రాస్తున్న తమ్ముడి నమస్కారాలు. ఫోన్లో చెబుదామంటే నన్ను చెప్పనివ్వవు, అందుకే ఉత్తరం. కొట్లో బట్ట కత్తిరిస్తుంటే గుండెపోటు వచ్చింది. పూర్తిగా మూసుకుపోయిన రక్తనాళాన్ని వెంటనే తెరిచి స్టెంట్ పెట్టారు. బతికాను. మరో రెండు సన్నబడ్డాయట. వచ్చే నెల రమ్మన్నారు. వెంట్రుకంత తీగ లోపలికి పంపి, సన్నబడ్డచోటికి ఇవతలా అవతలా రక్తం ఒత్తిడి కొలిచి, అవసరమైతేనే స్టెంట్ పెడతారట.

నీ తమ్ముడు

తా.క.: కోటు కుట్టమన్నాయన పరామర్శకి వచ్చాడు. చేతులు అంగుళం తగ్గించమని చెప్పి వెళ్లాడు.

*

ఒరేయ్ తమ్ముడూ,

ముందు దీవెనలు, తర్వాత చీవాట్లు. మూడు చోట్ల తేడా ఉందని తెలిసీ ఒక్కటి బాగుచేసి గొయ్యి పూడ్చేశారా? ఊరికి నీళ్ల పైపులు వేయించేదాన్ని, నాకు తెలీదా? రోడ్డు తవ్వితే ఉన్న పనంతా చేసే మూస్తాం. అన్నీ ఒకేసారి మార్చమను. కాదంటే ఆ గడప తొక్కకు.

అక్క

తా.క.: "డాక్టరుకి తెలీదా?" అంటున్నారు మీ బావ. కుళాయి కట్టడం మర్చిపోయే మనిషి, పట్టించుకోకు.

*

అక్కకి నమస్కారాలు.

నీ మాటే చెప్పాను. డాక్టరమ్మ నవ్వింది. "సన్నబడ్డ ప్రతిదానికీ స్టెంట్ అక్కర్లేదు. అక్కర్లేని చోట పెడితే అదో కొత్త తంటా. అలాగని కొలవకుండా వదిలేస్తే మళ్లీ పోటు రావచ్చు" అంది. పెద్దదానివి, నీ మాట కాదనలేక తారీఖు రద్దు చేయించుకున్నాను. నిన్న మిషను తొక్కుతుంటే ఛాతీ బిగిసింది. ఆగితే తగ్గింది.

తమ్ముడు

తా.క.: మీ మరదలు నాతో మాట్లాడటం మానేసింది. విశ్రాంతి బాగా దొరుకుతోంది.

*

ఒరేయ్ నాన్నా,

నువ్వు లోపల బల్ల మీద, నేను బయట బెంచీ మీద. "ఎందుకక్కా మాట మార్చావ్?" అని పొద్దున్న నువ్వడిగితే నోర్మూసుకుని నడవమన్నాను. ఇప్పుడు చెబుతున్నా.

నీ ఉత్తరం చూసి, డాక్టరమ్మతో పోట్లాడదామని మీ బావని వెంటబెట్టుకుని మొన్న ఇక్కడికొచ్చాను. ఆవిడ కంప్యూటరు నావైపు తిప్పి, పోటు వచ్చిన రోజు తీసిన బొమ్మ చూపించింది. నీ గుండె. కొట్టుకుంటోంది. చుట్టూ నాళాలు, సన్నటి కొమ్మల్లా. ఒక కొమ్మ మధ్యలోనే ఆగిపోయింది. స్టెంట్ పెట్టాక అదే కొమ్మ చివరిదాకా కనిపించింది. చిన్న లీకు కట్టాలన్నా మేం ఊరికి సరఫరా ఆపుతాం. వీళ్లు గుండెని కొట్టుకోనిస్తూనే పని చేశారు! నిన్ను చంకనేసుకుని తిరిగిన రోజుల నుంచీ ఇది ఒక్క పూటా సెలవు తీసుకోలేదు కదరా. తారీఖు నేనే అడిగి తీసుకున్నాను.

ఇప్పుడే డాక్టరమ్మ బయటికొచ్చింది. మిగిలిన రెంటిలో, బొమ్మలో చూసి నేను హడలిపోయినదాని అవతల ఒత్తిడి బాగానే ఉందట. మందులు చాలు, ముట్టుకోలేదు. ఫర్వాలేదులే అనుకున్నది ఉందే, దాని అవతల రక్తం చాలడం లేదట. స్టెంట్ పెట్టేశారు. నా మొదటి మాట విని అన్నీ మార్పించుకుంటే ఒకటి దండగ. రెండో మాట విని మానేసి ఉంటే... అది రాయడానికి చెయ్యి రావడం లేదు.

నిన్ను చూడటానికి ఎప్పుడు పిలుస్తారా అని కూర్చున్న
అక్క

తా.క.: ఆ బొమ్మ మీ బావా చూశారు. చాలాసేపు చూసి, "అయితే మీ పుట్టింటివాళ్లకీ గుండె ఉంటుందన్నమాట" అన్నారు.