ఈసారి జున్ను లేదు

మావా,

మీ అమ్మతో వేగలేక రాస్తున్నాను. నువ్వు చదవవని తెలుసు. ఉన్నప్పుడు మాత్రం నా మాట ఎప్పుడు విన్నావు గనక!

నీ సంవత్సరీకం అయిన మర్నాడే, అంటే నిన్న పొద్దున్న, నువ్వు శృంగవరపుకోట సంతలో కొన్న కర్రి పెయ్య ఈనింది. తొలిచూలు. వేసవంతా ఎండుగడ్డే తిందేమో, దూడ మేకపిల్లంత పుట్టింది. నాలుగుసార్లు లేచి నాలుగుసార్లూ పడింది.

మీ అమ్మ వెంటనే దాన్ని దూరంగా కట్టేసింది. "కడుపులో మాయ బయట పడకుండా దూడని ఇడిస్తే ఆవుకి మంచిది కాదు. నీకేటి తెలుసు?" అంది. పాత పాటే! ప్రతి ఈతకీ మీ ఇద్దరికీ ఇదే గొడవ. పుట్టిన గంటలోపు ముర్రుపాలు తాగితేనే దూడ ఎదుగుతుందని నువ్వు అరిచేవాడివి. నేనేమో మీ అమ్మ పక్కన చేరేదాన్ని. జున్ను మీద ఆశ నాకూ ఉండేది మరి.

నిన్న మాత్రం నాకు ఒళ్లు మండింది. "మాయ పడేసరికి సాయంత్రమైపోతాది అత్తా! అందాకా ఇది బతుకుతాదా? కడుపులోకి ఏటీ ఎల్లకపోతే ఎలాగ పెరుగుతాది?" అని అరిచాను.

ఆవిడ నావైపు తిరిగింది. "అచ్చం ఆడిలాగే అరుస్తన్నావే," అని, తనే వెళ్లి తాడు విప్పింది.

దూడ కడుపునిండా తాగింది.

ఇవాళ వీధిలోవాళ్లంతా జున్నుపాల కోసం గిన్నెలు పట్టుకుని వచ్చారు. ఈసారి లేవన్నాను. ఎందుకని అడిగారు.

మా ఆయన ఒప్పుకోడన్నాను.