ఆ సంతకం నాదే

అమ్మా రూతూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ ఉత్తరం నువ్వు చదవవని తెలుసు, అయినా రాస్తున్నాను.

పొద్దున టీవీలో అమెరికా ప్రెసిడెంటును చూపించారు. ఏదో కాగితం మీద లావుపాటి పెన్నుతో సంతకం పెట్టి, అందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకున్నాడు. ఆ వెనకే యుద్ధం వార్త. బాంబు ఒక బడి మీద పడిందట. పొరపాటున జరిగిందన్నారు గానీ, వెయ్యమన్నది ఎవరో చెప్పలేదు. నువ్వుంటే టీవీతో పోట్లాడేదానివి. "బ్యాంకులు మునిగినప్పుడూ ఇంతేనమ్మా, సంతకం పెట్టినోళ్లు ఒక్కరూ జవాబు చెప్పరు" అనేదానివి.

తర్వాత బ్యాంకులో టెర్మిన్ ఉంటే, అదే, రమ్మని ముందే టైమిచ్చారులే, మీ ఆయనా నేనూ వెళ్లాం. మనిద్దరి పేర్ల మీద నువ్వు తెరిచిన ఖాతాలోంచి నీ పేరు తీయించాలి. సంతకం పెట్టాను. అక్కడి అమ్మాయి పాత సంతకం పక్కన పెట్టి చూసి, కలవలేదంది. రెండోసారీ కలవలేదు.

"మళ్లీ పెట్టమంటోంది అత్తయ్యా. నిదానంగా పెట్టండి, తొందరేం లేదు," అన్నాడు మీ ఆయన.

"చెయ్యి వణుకుతోంది బాబూ. ఆ ప్రెసిడెంటుకి వణకదేం?" అన్నాను. నవ్వబోయి తల దించుకున్నాడు.

నేను ఈ జర్మనీకి, మీ ఎర్లాంగెన్ ఊరికి వచ్చిన కొత్తలో వంటింటి బల్ల దగ్గర "నీకొచ్చిన తెలుగులోనే పెట్టమ్మా, సిగ్గెందుకు" అని నేర్పించావే, అలాగే ఒక్కో అక్షరం దిద్దినట్టు పెట్టాను. మూడోసారి కలిసింది. నీ పేరు తీసేశారు.

రేపు పైన ప్రభువు దగ్గర కలిసినప్పుడు, నీ పేరు ఎవరు తీయించారని నువ్వడిగితే, పొరపాటున జరిగిందని చెప్పనులే. ఆ సంతకం నాదే.

మీ అమ్మ,
మరియమ్మ