దిగడానికి చోటు

మార్చి 3, ఆదివారం, రాత్రి భోజనాలయ్యాక

తమ్ముడు ఈ రోజు గ్లైడర్‌తో ఎవరిదో పొలంలో దిగాడు. దెబ్బలేమీ లేవు. గ్లైడర్‌కు గీత కూడా పడలేదు.

వారమంతా కళ్ళజోళ్ళ షాపులో కూర్చుని అద్దాలు అరగదీసే మనిషికి ఆదివారం వస్తే కాలు నేల మీద నిలవదు. ఊరి చివరి మైదానంలో వాళ్ళ క్లబ్బుకు రెండు పాత గ్లైడర్లున్నాయి. వాటికి ఇంజన్ ఉండదు. పొడవాటి వైరుతో లాగి పైకి వదిలేస్తారు. ఆ తర్వాత వేడిగాలి ఎక్కడ లేస్తోందో వెతుక్కుంటూ గద్దల్లా తిరగాలి. గాలి దొరక్కపోతే ఖాళీ పొలం చూసుకుని దిగిపోవాలి. అది ప్రమాదం కాదు, నేర్పే పాఠాల్లో అదీ ఒకటని తమ్ముడు నాకు ఎన్నోసార్లు చెప్పాడు.

మధ్యాహ్నం ఫోన్ రాగానే మరదలు, గ్లైడర్‌ను విప్పి వేసుకొచ్చే ట్రైలర్‌ను కారుకు తగిలించుకుని వెళ్ళింది. వాళ్ళు తిరిగొచ్చేవరకు నేను దేవుడి ముందు కూర్చున్నాను. పొలంలో దిగినవాడు తనను తీసుకురావడానికి వచ్చినవాళ్ళందరికీ భోజనం పెట్టించాలట, క్లబ్బులో రివాజు. అందరూ మా ఇంటికే వచ్చారు. సెక్రటరీ గారు, తమ్ముడి దగ్గర నేర్చుకుంటున్న కాలేజీ అమ్మాయి, వైరు లాగే మెకానిక్. ఆ పొలం రైతు మంచినీళ్ళిచ్చి, పెట్రోలు అయిపోయిందా బాబూ, డబ్బాలో తెప్పించనా అని అడిగాడట. చెప్పుకుని చెప్పుకుని నవ్వారు.

మార్చి 4, సోమవారం

పేపర్లో వచ్చింది. నేను పనిచేసే పేపర్లోనే.

మా ఆయన పోయినప్పటినుంచీ నేను పేపరాఫీసు కింది అంతస్తులో కౌంటర్‌లో కూర్చుంటున్నాను. ఇల్లు అద్దెకు, వధువు కావలెను, సంస్మరణ, ఇలాంటి ప్రకటనలు రాసుకోవడం నా పని. పై అంతస్తులో ఏం రాస్తారో నాకు తెలియదు. అందరిలాగే పొద్దున్నే చూశాను.

'స్కూలు పక్కనే కూలిన గ్లైడర్' అని పెద్ద అక్షరాలు. కింద, ఇంజన్ ఆగిపోవడంతో అదుపు తప్పిందని, తృటిలో ఘోరం తప్పిందని, విద్యార్థులు హాహాకారాలు చేస్తూ పరుగులు తీశారని. రోడ్డు మీద పోయేవాళ్ళెవరో తీసిన ఫోటో వేశారు. గ్లైడర్ ఎప్పుడాగినా ఒక రెక్క నేలకు ఆనించే ఉంటుంది. ఫోటోలో అది విరిగిపడినట్టుంది.

తమ్ముడు రెండుసార్లు చదివాడు. ఆదివారం పూట స్కూల్లో హాహాకారాలు ఎవరు చేశారక్కా, బెంచీలా, అన్నాడు. మరదలు నవ్వలేదు. పొద్దున్నుంచీ వాళ్ళ పుట్టింటివాళ్ళ ఫోన్లకు జవాబు చెప్పలేక చస్తోంది.

మార్చి 6

తమ్ముడు మా ఆఫీసుకు వచ్చాడు. నేనే పైకి తీసుకెళ్ళాను. ఆ వార్త రాసిన విలేకరికి ముప్పై ఏళ్ళుంటాయి. మంచివాడే. నాకు జ్వరమొస్తే మాత్రలు తెచ్చిపెట్టినవాడు. అమ్మగారూ అని పిలుస్తాడు. తమ్ముడు కాగితం మీద బొమ్మ గీసి అంతా వివరించాడు. అతను శ్రద్ధగా విన్నాడు, టీ తెప్పించాడు. చివర్లో ఒక్క మాట అన్నాడు.

"మీరు చెప్పింది అర్థమైంది సార్. కానీ గ్లైడర్ పొలంలో దిగిందని రాస్తే ఎవరు చదువుతారు చెప్పండి?"

తమ్ముడు కూడా నవ్వేశాడు. గ్లైడింగ్ మీద మంచి ఫీచర్ రాస్తానని విలేకరి మాటిచ్చాడు.

మార్చి 17, ఆదివారం

ఫీచర్ వచ్చింది. అర పేజీ. 'మృత్యువుతో సరాగాలు.' డబ్బున్నవాళ్ళ ఖరీదైన సరదా అట. గాల్లో గిరికీలు కొట్టే సాహసవీరులు అట. తమ్ముడి ఫోటోకు నల్ల కళ్ళద్దాలు. వాడు పైన ఎండకు పెట్టుకునేవే, కానీ ఆ పేజీలో చూస్తే రౌడీలా ఉన్నాడు. అతుకులు వేసి వేసి వాడుకునే క్లబ్బు గ్లైడర్ పక్కన నిలబెట్టి డబ్బున్నవాడంటే దేవుడైనా నమ్ముతాడా. పేపర్ చదివినవాళ్ళు మాత్రం నమ్మారు.

విలేకరి కౌంటర్ దగ్గరికి వచ్చి, హెడ్డింగ్ నాది కాదమ్మగారూ, డెస్కువాళ్ళు మార్చారు అన్నాడు. పర్వాలేదు బాబూ అన్నాను. పర్వాలేదని నాకేం అనిపించలేదు. నోరు అలవాటు కొద్దీ అనేసింది.

మార్చి 22

షాపుకు వచ్చిన ఒకాయన తమ్ముణ్ణి తేరిపార చూసి, పేపర్లో పడింది నువ్వేనా అని అడిగాడట. అవునంటే, ప్రాణమంటే లెక్కలేనివాడికి నా కళ్ళు అప్పజెప్పడమేంటి అని ఫ్రేమ్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడట. తమ్ముడు అది జోకులా చెప్పాడు. అన్నం మాత్రం సగంలో లేచిపోయాడు.

మార్చి 29, శుక్రవారం

స్కూలు పిల్లల తల్లిదండ్రులు సంతకాలు పెట్టి మునిసిపాలిటీకి అర్జీ ఇచ్చారు, మైదానం మూసేయమని. మైదానం మునిసిపాలిటీదే.

సెక్రటరీ గారు సాయంత్రం ఇంటికొచ్చారు. ఇక ఈ సీజన్‌లో ఎవరూ బయట పొలాల్లో దిగకూడదని తీర్మానం చేశామన్నారు. దూరం పోవద్దు, ఎలాగోలా మైదానానికే తిరిగి రావాలి, ఇంకొక్క ఫోటో పేపర్లో పడితే క్లబ్బుకు తాళమే అన్నారు. తమ్ముడు తల వంచుకుని విన్నాడు. ఎప్పుడు దిగాలో గాలి చెప్పాలి కానీ తీర్మానం చెబుతుందా సార్ అన్నాడు, అంతే. ఆయన వెళ్ళాక కూడా అక్కడే కూర్చున్నాడు. ఈ క్లబ్బు మూతపడితే వీడేమైపోతాడో నాకు తెలుసు.

ఈ వేళ ప్రార్థనలో కొత్త కోరిక కోరాను. మైదానం తప్ప ఇంకెక్కడా దిగే అవసరం వాడికి రానీయకు స్వామీ అని.

ఏప్రిల్ 7, ఆదివారం

ఇవాళ మైదానంలోనే దిగాడు. దేవుడికి దండం.

ఏప్రిల్ 14, ఆదివారం

తమ్ముడు పడిపోయాడు. ఆసుపత్రిలో ఉన్నాం.

ఏప్రిల్ 15, ఉదయం

ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీల్లో ఉన్నాం. మరదలు గోడకు తలానించి కళ్ళు మూసుకుంది కానీ నిద్ర కాదు. వెన్ను విరిగింది. లోపల రక్తం కారుతోందట. డాక్టరమ్మ ఏ మాటా గట్టిగా చెప్పడం లేదు. ఆశ పెట్టుకోండి అని కూడా అనలేదు.

జరిగింది మెకానిక్ చెప్పాడు. వస్తూ వస్తూ తమ్ముడు బాగా కిందికి జారిపోయాడట. మైదానం ఎదురుగానే కనిపిస్తోంది, కానీ అందేలా లేదు. ముక్కు పైకెత్తి సాగదీసుకుంటూ వచ్చాడట. అలా సాగదీస్తే వేగం చచ్చి ఒక్కసారిగా కూలబడుతుందని కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే చెబుతారు. చెప్పేది తమ్ముడే. కంచె అవతల పడిపోయాడు.

ఏప్రిల్ 15, సాయంత్రం

లోపలికి ఒక్కొక్కరినే పంపారు. మరదలి తర్వాత నేను వెళ్ళాను. తమ్ముడికి తెలివి ఉంది. గొంతు గాలిలా ఉంది. చెవి దగ్గర పెట్టి విన్నాను.

"అక్కా, కింద చక్కటి పొలం ఉంది. కోత అయిపోయింది. నువ్వైనా దింపేదానివి."

మరెందుకు దిగలేదురా అని అడిగాను.

"పక్కనే రోడ్డు. మనుషులు బళ్ళాపి ఫోన్లు పైకెత్తారు. మళ్ళీ పేపర్లో పడతాను, క్లబ్బు పోతుంది అనుకున్నా. కొంచెమే కదా, లాగేద్దాం అనుకున్నా."

మరదలికి ఈ మాట చెప్పొద్దన్నాడు. దిగగలిగీ దిగలేదని తెలిస్తే నన్ను క్షమించదు అన్నాడు. చెప్పనులేరా అని నుదురు నిమిరాను. వాడి మూడేళ్ళ వయసులో చంకనేసుకుని తిరిగినప్పుడు కూడా నుదురు ఇలాగే వేడిగా ఉండేది.

ఏప్రిల్ 16

తెల్లవారాక పోయాడు.

ఏప్రిల్ 18

'స్టంట్ చేస్తూ పైలట్ మృతి.'

లోపల, ఇంజన్ మొరాయించిందని కూడా ఉంది. ఒకే మనిషి స్టంటూ చేశాడు, లేని ఇంజనూ మొరాయించింది. ఫీచర్‌లోని నల్ల కళ్ళద్దాల ఫోటోనే మళ్ళీ వేశారు. మరదలు పేపర్ మడిచి నా ముందు పెట్టి, స్టంట్ చేశారా వదినా, నిజం చెప్పండి అని అడిగింది. లేదమ్మా అన్నాను. మరేం జరిగింది అంది. తమ్ముడు చెప్పొద్దన్నాడని, పేపర్ తీసి అల్మారాలో పెట్టాను. ఆ తర్వాత నాతో ముభావంగా ఉంటోంది.

ఏప్రిల్ 21, ఆదివారం

దీపం పెట్టాను. ఏమీ అడగలేకపోయాను. మైదానం తప్ప ఇంకెక్కడా దిగనీయకు అని నేనే కదా అడిగింది. దేవుడు విన్నాడు. కంచె దాకా తెచ్చాడు.

ఏప్రిల్ 25, గురువారం

ఆఫీసుకు వెళ్ళాను. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు విలేకరి కౌంటర్ ముందుకొచ్చి నిలబడ్డాడు. సారీ అమ్మగారూ అన్నాడు. చివర్లో సార్ ఏమైనా అన్నారా అని అడిగాడు. అతను అడిగింది పేపర్ కోసమో, మనసులో బాధతోనో నాకు తెలియలేదు. అతనికీ తెలిసి ఉండదు.

కుర్చీ చూపించాను. తమ్ముడు చెప్పింది చెప్పినట్టు చెప్పాను. కోసిన పొలం, రోడ్డు, పైకెత్తిన ఫోన్లు, అన్నీ. నా గొంతు ఎప్పటిలాగే ఉంది. అరవాలనిపించలేదు. వింటూ వింటూ అతను నా బల్ల మీది గమ్ము సీసా మూత తీస్తూ, పెడుతూ ఉన్నాడు.

మూత బిగించి, "ఇది రాయమంటారా?" అన్నాడు.

"రాయమని చెప్పలేదు నాయనా. నీకు తెలియాలని చెప్పాను."

హెడ్డింగులు నావి కావు అని మొదలుపెట్టి ఆపేశాడు. తెలుసు అన్నాను. ప్రకటన ఇవ్వడానికి ఎవరో వస్తే లేచి వెళ్ళిపోయాడు. ఇల్లు అద్దెకు, రెండు గదులు, నీటి వసతి. రాసుకున్నాను.

ఏప్రిల్ 26

ఇంటికి రాగానే మరదలికి కూడా చెప్పేశాను. తమ్ముడికి ఇచ్చిన మాట తప్పాను. స్టంట్ అనే మాటను మనసులో పెట్టుకుని ఆ పిల్ల బతకలేదు. విని, ఎంత పిచ్చివాడు వదినా అని నా ఒళ్ళో తల పెట్టుకుంది. వాడు పోయాక ఆమె ఏడవడం ఇదే మొదలు.

మే 8

కాలేజీ అమ్మాయి వచ్చింది. వచ్చే ఆదివారాల్లో ఏదో ఒకరోజు దూరం ఎగరాలట, అలా ఎగిరితేనే పైలట్ బ్యాడ్జి ఇస్తారట. తనను దానికి తమ్ముడే సిద్ధం చేశాడు. ఇప్పుడు మానేయాలనుకుంటోంది. పడిపోతానని కాదు ఆంటీ, పొలంలో దిగితే పేపర్లో వేస్తారు, మా నాన్న చూశాడంటే కాలేజీ కూడా మాన్పిస్తాడు, తీర్మానం కూడా ఇంకా అలాగే ఉంది అంది. ఎలాగోలా మైదానానికి వచ్చేస్తాలే అని తనకు తానే సర్దిచెప్పుకుంటోంది.

ఎలాగోలా. సెక్రటరీ గారు తమ్ముడితో అన్న మాట అదే.

ఎగరడం, మానడం నీ ఇష్టం అన్నాను. ఎగిరితే మాత్రం మైదానం మీద బెంగ పెట్టుకోకు, పొలం కనిపిస్తే దిగిపో, రోడ్డు మీద ఎవరున్నారో చూడకు అన్నాను. మీ సార్ చూశాడు అన్నాను. పేపర్లో పడితే పడనీ, మీ నాన్నతో నేను మాట్లాడతాను అని మాటిచ్చాను. మీరా ఆంటీ అంది. నేను ఎవరితోనైనా మాట్లాడగలనని ఆ పిల్లకు నమ్మకం కలగలేదు. నాకూ లేదు.

మే 9

మరదలిని తోడు తీసుకుని సెక్రటరీ గారింటికి వెళ్ళాను. తీర్మానం తీసేయమన్నాను. మైదానం పోతుందమ్మా, ముప్పై ఏళ్ళ క్లబ్బు అన్నారు. పోతే పోనివ్వండి అన్నాను. ఆయన ముఖం అటు తిప్పుకున్నారు. వాణ్ణి నా కొడుకులా చూసుకున్నానమ్మా అన్నారు. అందుకే అడుగుతున్నాను అన్నాను. లేచి లోపలికెళ్ళి చాలాసేపు రాలేదు. ఆయన భార్య మాకు కాఫీ ఇచ్చి పక్కన కూర్చుంది. వచ్చాక, సరే అన్నారు.

మే 12, ఆదివారం

గాలి లేదు. ఎవరూ ఎగరలేదు. విలేకరి నన్ను చూసి ఆఫీసు మెట్ల మీద పక్కకు తప్పుకుంటున్నాడు. అతని పేరుతో ఈ మధ్య వార్తలేమీ రావడం లేదు.

మే 19, ఆదివారం

ఆ అమ్మాయి కాలువ అవతల కోసిన చేలో దిగింది. క్షేమం. ట్రైలర్‌తో నేనూ మరదలూ మెకానిక్కూ వెళ్ళేసరికి విలేకరి అక్కడున్నాడు. రెక్క విప్పడానికి మాకు ఒక మనిషి తక్కువయ్యాడు. అతను ఫోన్ జేబులో పెట్టుకుని వచ్చి రెక్క మొదలు దగ్గర పట్టుకున్నాడు. రేపు పేపర్లో ఏం వస్తుందో నేను అడగలేదు. రెక్క చాలా బరువు. రెండు చేతులూ కావాలి.