అది తాగిన వాసన కాదు

రాయచెర్లు

అమ్మకు, నీ నయన దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను బాగున్నాను. మైసూరు హాస్టల్ వంటింట్లో నువ్వూ ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను. నాయన బతికే ఉన్నాడు. ఫోన్ చేస్తే ఆయన గొంతు వినాల్సి వస్తుందని నువ్వు ఉత్తరాలే రాయమన్నావు కాబట్టి, జరిగినదంతా ఇందులోనే రాస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబు. వాన రెండుసార్లు పడింది. సోలార్ పార్కుకు ఇచ్చింది పోగా, కంచె బయట మనకు మిగిలిన చేనులో శనక్కాయ మొలిచింది. ప్యానెళ్లు కడిగే పని నాకింకా ఉంది. నాయన మళ్లీ తాగుతున్నాడా అని అడిగావు. లేదమ్మా. కాలేయం గట్టిపడిపోయిందని డాక్టర్లు చెప్పినప్పటి నుంచి, ఏడాదిన్నరగా చుక్క ముట్టలేదు. అయినా పోయిన నెల ఒక రోజు నేను అది నమ్మలేదు.

ఆ మధ్యాహ్నం పని దిగి వచ్చేసరికి దొడ్డిలో మేకలు అరుస్తున్నాయి. సూడి మేక మెడ తెగి పడి ఉంది. నాయన చేతిలో మచ్చుకత్తి, మోచేతుల దాకా నెత్తురు.

"ఎవురు నువ్వు? నా ఇంట్లోకి యాల వచ్చినావు?" అన్నాడు.

"నేను నాయనా, నయనను. కత్తి ఆడ పెట్టు."

ఆయన నోట్లోంచి పులిసిన తీపి వాసన కొట్టింది. తాగాడనుకున్నాను. అంతలోనే కత్తి నా భుజంలో దిగింది. ప్యానెళ్లు తుడిచే బ్రష్షు ఇనుప కర్ర ఇంకా నా చేతిలోనే ఉంది. దాంతో కొట్టాను. ఆయన చెయ్యి విరిగిన చప్పుడు వినిపించింది. కత్తి జారి పడింది. అయినా ఆపలేదమ్మా. నీ పక్కటెముక విరిచినందుకు, నిన్ను జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చినందుకు అనుకుంటూ కొట్టాను. రెండు పళ్లు ఊడి నేల మీద పడ్డాయి. ఎర్రప్ప చిన్నాయన పరుగెత్తుకొచ్చి నా నడుం పట్టుకుని వెనక్కి లాగాడు.

"మళ్లా మొదులుపెట్టినాడు. కంబానికి కట్టేద్దాం, మత్తు దిగినాక ఇప్పుదాం" అన్నాడు.

మేకల తాడుతో కట్టేశాం. దిగలేదు. సాయంత్రానికి పిలిస్తే పలకలేదు, గిల్లినా కదల్లేదు.

తుమకూరు ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, "ఈయప్ప తాగలేదు" అంది. మన పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు తిన్న తిండి నుంచి ఒక విషం పుట్టిస్తాయట. మంచి కాలేయమైతే దాన్ని విరిచేస్తుంది. గట్టిపడిన కాలేయం వదిలేస్తే అది మెదడుకు ఎక్కుతుంది. అప్పుడు మనిషి కన్నబిడ్డనే గుర్తుపట్టడు. నోట్లోంచి కొట్టిన ఆ తీపి వాసన కూడా ఈ రోగానిదేనట. పైగా పేగు గోడ బలహీనపడి ఆ సూక్ష్మజీవులే పొట్టలో చేరిన నీళ్లలోకి దిగాయట. వాటిని ఎదిరించే శక్తి ఒంట్లో మిగల్లేదట. సూదితో తీసిన నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి.

"తీపి సిరప్ ఇచ్చింటిమే, ఆ విషం విరేచనంలో పోయేదానికి. నిలిపేసినారా?" అని అడిగింది.

లేదన్నాను.

అమ్మా, నిలిపేశాను. తొమ్మిది రోజులు. అది తాగితే పంచెలోనే విరేచనం అయిపోయేది. పొద్దున ఆరింటి పనికి ముందు ఆ బట్టలు ఉతకడానికి నాకు అసహ్యం వేసింది. నీరసపడుతున్నాడని, అందుకే ఆపానని చిన్నాయనతో చెప్పాను. అదీ అబద్ధమే. మరునాడు డాక్టరమ్మకు నిజం చెప్పాను. ఆమె తిట్టలేదు. "ఇన్ఫెక్షన్, సిరప్ నిలిపేసింది, రెండూ కలిసినాయి. ఇంక ఒక్క పూట గూడా తప్పియ్యద్దు" అంది.

ఐదో రోజున నాయనకు తెలివి వచ్చింది. జారిపడ్డావని చిన్నాయన ఆయనకు చెప్పాడు. చిన్నాయన బయటికి వెళ్లాక నేను మంచం పక్కన కూర్చుని, సిరప్ దగ్గర నుంచి తాడు దాకా అన్నీ చెప్పాను. ఆయన కట్టు కట్టిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నా వైపు తిరిగాడు.

"మేకను నరికింది నాకు తెలీదు పాపా. నిన్ను నరికింది తెలీదు, నువ్వు కొట్టింది తెలీదు. మీ అమ్మను కొట్టిన దెబ్బలు మాత్రం అన్నీ తెలుసు. తాగకుండా కొట్టిన రోజులు గూడా ఉండాయి. అప్పుడు నా తలకు ఏ విషమూ ఎక్కలేదు. ఈ రోగం పేరు చెప్పి ఆమెను రమ్మని రాయాకు. నేను చెప్పినానని ఇది రాయి" అన్నాడు.

రాశానమ్మా. రమ్మని నేనూ అడగడం లేదు.

ఇట్లు,
భుజం మాని, మళ్లీ పనికి వెళ్తున్న నీ కూతురు
నయన